చక్రాల చరిత్ర – 14: మలుపు లోపల నిలబడ్డ క్లెమ్

గత భాగంలో జాక్ హెన్రీ లార్తీగ్ తీసిన ఫొటో దగ్గర ఆగాం. రేసు కారు ఫ్రేము దాటి సగం బయటికి వెళ్ళిపోయింది. చక్రం అండాకారంలో సాగి ముందుకు ఒరిగింది. రోడ్డు అవతల నిలబడ్డ జనం, స్తంభాలు వెనక్కి వాలిపోయి ఉన్నాయి. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. కారు వెంట కెమెరా తిప్పాడు. షట్టర్‌లోని సన్నటి చీలిక ప్లేటు మీదుగా నిలువునా జరిగేలోపల కారు కాస్త ముందుకు పోయింది. జరిగింది అంతే. 1963లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం అతని ప్రదర్శన పెట్టాకే ప్రపంచం లార్తీగ్‌ని గుర్తుపట్టింది.

ఆ ఫొటోలో వేగం ఉంది. కానీ డ్రైవరు ఎవరో, ఆ క్షణాన అతను ఏం చేస్తున్నాడో మనకు అందదు. తీసినవాడు ప్రేక్షకుడు. రోడ్డు పక్కన నిలబడి అబ్బురపడినవాడు. రేసు ఫొటో లోపలి మనిషి చేతికి రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ లోపలి మనిషి పేరు లూయిస్ క్లెమంటాస్కీ. నోరు తిరగని ఆ పేరుని రేసు లోకం 'క్లెమ్' అని కుదించుకుంది. డ్రైవర్లు, మెకానిక్కులు, టీము మేనేజర్లు అందరూ అలాగే పిలిచారు. రేసుల ఫొటోలు తీసినవాళ్ళు ఎందరో ఉన్నారు. రేసు నడిపేవాళ్ళు తమలో ఒకడిగా లెక్కేసుకున్న ఫొటోగ్రాఫర్లు చాలా తక్కువ. వాళ్ళలో మొదట చెప్పుకోవలసింది ఇతన్నే.

పుట్టింది 1912లో, మంచూరియాలోని హార్బిన్‌లో. చైనా గడ్డ మీద రష్యన్లు తమ రైలు మార్గం కోసం పెంచిన ఊరు అది. తల్లి రష్యన్. కుర్రతనంలోనే ఇంగ్లండ్ చేరాడు. అక్కడ అతన్ని పట్టుకున్నది చదువు కాదు, బ్రూక్‌లాండ్స్.

బ్రూక్‌లాండ్స్ గురించి ఈ ధారావాహిక మొదట్లో కొంత చెప్పాను. లండన్‌కి నైరుతిగా సర్రీ జిల్లాలో, వేబ్రిడ్జ్ దగ్గర, హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన సొంత ఎస్టేటులో సొంత డబ్బు పోసి 1907లో కట్టించిన ట్రాక్ ఇది. కార్ల పందేల కోసమే కట్టినవాటిలో ప్రపంచంలో మొట్టమొదటిది. వంపుల దగ్గర కాంక్రీటు గోడలా లేచి దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తుకు పోతుంది. 1930ల మొదట్లో అక్కడ జూనియర్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్ అని ఒకటి ఉండేది. డబ్బు పెద్దగా లేని కుర్రాళ్ళకి రేసు కారు నడిపే అవకాశం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. క్లెమ్ అందులో చేరాడు, దాని పనులు చూశాడు, తనూ నడిపాడు. తర్వాత ఒక ప్రమాదంలో దెబ్బతిని నడపడం మానుకున్నాడు. ట్రాక్ మాత్రం వదల్లేదు. చేతిలోకి కెమెరా వచ్చింది.

ఇక్కడ ఆ కెమెరా ఏమిటో చెప్పాలి, ఎందుకంటే సగం కథ అందులోనే ఉంది. ఆ రోజుల్లో పత్రికల ఫొటోగ్రాఫర్లు పెద్ద ప్లేటు కెమెరాలు మోసేవాళ్ళు. ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు ప్లేటు. తీశాక హోల్డరు మార్చుకోవాలి. అందుకని వాళ్ళు ఒకచోట స్థిరపడి, స్టార్టు ఒకటి, గెలిచినవాడు గీత దాటేటప్పుడు ఒకటి, ఎవడైనా బోల్తా కొడితే ఒకటి తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. 1925లో జర్మనీ నుంచి లైకా వచ్చింది. అరచేతిలో ఇమిడే కెమెరా. సినిమా ఫిల్మునే చిన్న రీలుగా చుట్టి పెడితే 36 ఫొటోలు వస్తాయి. ఇంగ్లండ్ పత్రికాఫీసుల్లో పెద్దలు దాన్ని చాలాకాలం ఆటబొమ్మగానే చూశారు. అంత చిన్న నెగిటివ్ నుంచి పత్రికకు పనికొచ్చే ప్రింటు రాదని వాళ్ళ నమ్మకం. క్లెమ్ ఆ ఆటబొమ్మనే పట్టుకున్నాడు. దాంతో నడవొచ్చు, వంగొచ్చు, కంచె కింద దూరొచ్చు, ఒకే మలుపులో ఒకే కారుని వరుసగా పదిసార్లు పట్టుకోవచ్చు.

ఎక్కడ నిలబడాలో అతనికి తెలుసు. మలుపు బయటి వైపు నిలబడితే కారు మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది, ఫొటో భయంకరంగా వస్తుంది. అదుపు తప్పిన కారు వచ్చేదీ అటే. క్లెమ్ తరచుగా లోపలి వైపు, మలుపుని కారు కోసుకుంటూ పోయే అంచు దగ్గర నిలబడేవాడు. చక్రానికీ అతనికీ మధ్య ఒక్కోసారి రెండు మూడడుగుల దూరమే. చూసేవాళ్ళకి తెగింపులా కనిపించేది. నిజానికి అది లెక్క. తాను ఆ మలుపులు నడిపి ఎరుగును. ఏ డ్రైవరు ఎక్కడ బ్రేకు తొక్కుతాడో, ఎక్కడ గేరు మారుస్తాడో, కారు తోక ఎటు జారుతుందో కారు రాకముందే తెలుసు. ముందే తెలిసినవాడికి తొందర ఉండదు.

అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది? డ్రైవరు చేతులు కనిపిస్తాయి. ఆ కాలపు చాలా రేసు కార్లలో ఇంజను ముందు, మనిషి వెనక. నిటారుగా, ఛాతీ దాకా బయటికి కనబడేలా కూర్చునేవాడు. తలకి గుడ్డ టోపీయో, పలచటి హెల్మెట్టో. కళ్ళకి అద్దాలు. టైర్లు సన్నవి, రోడ్డు మీద పట్టు తక్కువ. మలుపులో కారు నాలుగు చక్రాల మీదా పక్కకి జారుతుంటే, ఆ జారుడుని యాక్సిలరేటర్‌తో, స్టీరింగ్‌తో తూకం వేస్తూ పోవడమే విద్య. కారు ముక్కు ఒకవైపు, ముందు చక్రాలు మరోవైపు, ప్రయాణం మూడోవైపు. క్లెమ్ ఫొటోల్లో ఇవన్నీ చదువుకోవచ్చు. చక్రం మసకబారి, మొహం మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఫలానా డ్రైవరు పళ్ళు బిగించి నడిపేవాడు, ఫలానావాడు సోఫాలో కూర్చున్నట్టు నడిపేవాడు అని ఇవాళ మనం ధైర్యంగా రాయగలుగుతున్నామంటే ఇలాంటి ఫొటోల పుణ్యమే. పత్రికల రిపోర్టులు ఎంత సమయంలో ఎన్ని చుట్లో చెబుతాయి, ఎలా నడిపాడో చెప్పవు.

ఇంగ్లండ్‌లో అతని పేరు నిలబెట్టినవి డానింగ్టన్ పందేలు. లెస్టర్‌షైర్‌లో ఒక జమీందారీ బంగళా చుట్టూ ఉన్న తోటలో వేసిన ట్రాక్ అది. 1937 అక్టోబరులో అక్కడికి జర్మనీ నుంచి మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లు వచ్చాయి. హిట్లర్ ప్రభుత్వం డబ్బిచ్చి పెంచిన వెండి రంగు కార్లు. మెర్సిడెస్‌ది దాదాపు ఆరువందల గుర్రాల శక్తి. అంతవరకూ తమ ఈఆర్‌ఏ కార్లే వేగమనుకున్న ఇంగ్లీషు జనానికి ఆ మోత, ఆ పెట్రోలు వాసన, ఆ జోరు కొత్త. ట్రాక్ మీద ఒకచోట రోడ్డు మిట్టెక్కి చటుక్కున దిగేది. అక్కడ ఆ కార్లు నాలుగు చక్రాలూ నేల వదిలి గాల్లోకి లేచేవి. ఆటో యూనియన్‌లో బెర్న్ద్ రోజ్‌మేయర్ గెలిచాడు. నాలుగు నెలలు తిరక్కుండానే జర్మనీలో హైవే మీద రికార్డు ప్రయత్నంలో చనిపోయాడు.

మరుసటేడు రేసు అక్టోబరు మొదట్లో జరగాలి. మ్యూనిక్ సంక్షోభం ముంచుకొచ్చి, యుద్ధమే వస్తుందేమోనని జర్మన్ టీములు సామాను సర్దుకుని వెళ్ళిపోయాయి. ఒప్పందం కుదిరాక మళ్ళీ వచ్చాయి. అక్టోబరు 22న పందెం జరిగింది. 46 ఏళ్ళకి దగ్గరపడుతున్న ఇటలీవాడు తాత్సియో నువొలారి గెలిచాడు. ప్రాక్టీసులో తోటలోని దుప్పిని ఢీకొట్టి, దాని తల జ్ఞాపకంగా ఇంటికి పట్టుకుపోయాడు కూడా. ఏడాది తిరిగేసరికి యుద్ధం వచ్చింది. డానింగ్టన్ సైనిక వాహనాల డిపో అయింది. బ్రూక్‌లాండ్స్‌లో వికర్స్ విమానాల ఫ్యాక్టరీ పెరిగి ట్రాక్‌ని మింగేసింది. ఫ్యాక్టరీకి దారి కోసం కాంక్రీటు వంపుని ఒకచోట కోసేశారు. అక్కడ మళ్ళీ రేసు జరగలేదు.

యుద్ధంలో క్లెమ్ చేరిన చోటు వింటే నవ్వొస్తుంది. బ్రిటిష్ నౌకాదళంలో 'వివిధ ఆయుధాల అభివృద్ధి విభాగం' అని ఒకటి పెట్టారు. ఎవరి బుర్రలో ఏ విపరీతమైన ఊహ పుట్టినా పరీక్షించి చూడడం దాని పని. నవలాకారుడు నెవిల్ షూట్ అక్కడే పనిచేశాడు. ఇంజనీరుగా అతని అసలు పేరు నెవిల్ షూట్ నార్వే. అక్కడ పుట్టినవాటిలో 'హెడ్జ్‌హాగ్' లాంటి పనికొచ్చిన ఆయుధాలు ఉన్నాయి. జర్మన్ జలాంతర్గాములకి అది యముడైంది. చూసి పారిపోవలసినవీ ఉన్నాయి. వాటిని ఫొటోలు, ఫిల్ము తియ్యడానికి వేగంగా కదిలేవాటిని పట్టుకోగల కన్ను కావాలి. రేసు ఫొటోగ్రాఫరుకంటే తగినవాడెవడు? బార్న్స్ వాలిస్ తయారుచేసిన, నీటి మీద ఎగిరెగిరి పడుతూ పోయే బాంబు పరీక్షలకు పనిచేసిన ఫొటోగ్రాఫర్లలో క్లెమ్ ఒకడు. 1943 మేలో జర్మనీలోని మోనె, ఎడర్ ఆనకట్టల్ని కూల్చిన బాంబు అదే. వాలిస్ బ్రూక్‌లాండ్స్‌లోని ఆ వికర్స్ కంపెనీ ఇంజనీరే కావడం మరో చిత్రం.

అన్నిటికంటే చెప్పుకోవలసింది పంజాండ్రమ్ సంగతి. ఫ్రాన్స్ తీరంలో జర్మన్లు కట్టిన కాంక్రీటు గోడని బద్దలుకొట్టాలి. పడవలోంచి దిగి సైనికులు మోసుకెళ్ళి బాంబు పెట్టడం అయ్యేపని కాదు. కాబట్టి బాంబే దొర్లుకుంటూ వెళ్ళాలి. మనిషికి దాదాపు రెండింతల ఎత్తున్న రెండు చెక్క చక్రాలు, మధ్యలో ఇరుసు స్థానంలో పెద్ద పీపా, అందులో దాదాపు 1,800 కిలోల పేలుడు పదార్థం. గోడ కూలడానికి ఎంత పేలుడు పదార్థం కావాలో లెక్క కట్టింది నెవిల్ షూటే. చక్రాల అంచుల చుట్టూ రాకెట్లు కట్టారు. రాకెట్లు మండితే చక్రాలు తిరుగుతాయి. దీపావళికి మనం కాల్చే విష్ణుచక్రాన్ని ఇంటి కప్పంత పెంచి నేల మీద వదిలితే ఎలా ఉంటుందో అలాంటి వస్తువన్నమాట.

దాని పరీక్షకి ఎంచుకున్న ఊరు డెవన్ తీరంలోని 'వెస్ట్‌వర్డ్ హో!' పేరులోనే ఆశ్చర్యార్థకం ఉన్న ఊరు. నవల పేరు ఊరికి పెట్టుకున్నారు. రహస్యంగా ఉండాలని ఆ యంత్రాన్ని రాత్రిపూట తరలించి, తీరా పరీక్ష మాత్రం జనం స్నానాలకొచ్చే బీచిలో పెట్టారు. సెలవులకొచ్చినవాళ్ళు గుంపుగా నిలబడి చూశారు. పేలుడు పదార్థం బదులు అంత బరువు ఇసుక నింపి వదిలారు. 1943 సెప్టెంబరులో మొదటిసారి. కొంతదూరం పోయింది. ఒకవైపు చక్రానికి రాకెట్లు కొన్ని ఊడిపోయేసరికి పక్కకి తిరిగిపోయింది. రాకెట్లు పెంచారు, మూడో చక్రం పెట్టారు, తీసేశారు, ఉక్కు తాళ్ళు కట్టి పగ్గాల్లా పట్టుకున్నారు. తాళ్ళు తెగి కొరడాల్లా జనం తలల మీదుగా పోయాయి.

1944 జనవరిలో చివరి పరీక్ష. సేనానులు, నౌకాధిపతులు, శాస్త్రవేత్తలు అందరూ గులకరాళ్ళ గట్టు మీద వరుసగా నిలబడ్డారు. క్లెమ్ టెలిఫొటో లెన్సు పెట్టి చిత్రీకరిస్తున్నాడు. పంజాండ్రమ్ మొదట చక్కగానే దొర్లింది. తర్వాత కుడివైపు చక్రానికి రాకెట్టొకటి ఊడింది, మరొకటి ఊడింది. యంత్రం మెల్లగా వంకర తిరిగి నేరుగా క్లెమ్ మీదికి బయలుదేరింది. అతను ఇంకా తీస్తూనే ఉన్నాడు. టెలిఫొటో లెన్సులోంచి చూసేవాడికి దూరం లెక్క తప్పుతుంది. రేసు మలుపులో అడుగుల్లో లెక్కవేసి నిలబడగలిగిన మనిషిని ఆ లెన్సు మోసం చేసింది. మోత చెవుల దాకా వచ్చాక కన్ను తీసి చూస్తే, మండే రాకెట్లు నాలుగు దిక్కులా విసురుతూ చక్రం ఎదురుగా ఉంది. పరిగెత్తాడు. అదే సమయానికి గట్టు మీది సేనానులు కూడా గట్టు వెనక ముళ్ళకంచెలోకి దూకుతున్నారు. ఊడిన రాకెట్టొకటి వెళ్తుంటే అక్కడున్న అధికారి కుక్క దాన్ని తరుముకుంటూ పోయిందట. చివరికి ఆ యంత్రం ఇసుకలో పడి ముక్కలైంది. పంజాండ్రమ్ ప్రయోగం అంతటితో సరి. ఆ పరీక్షల ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది, పాఠకులు తప్పక చూడాలి.

యుద్ధం అయ్యాక యూరప్‌లో రేసులు మళ్ళీ మొదలయ్యాయి. 1950లో సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ పుట్టింది. క్లెమ్ ట్రాకుల పక్కకి తిరిగొచ్చాడు. అయితే ఈసారి అతను చేసిన పని అప్పటికి ఫొటోగ్రాఫర్లెవరూ ఆ స్థాయిలో చెయ్యనిది. రోడ్డు పక్కన నిలబడ్డం చాలక, రేసు కారులోనే ఎక్కి కూర్చున్నాడు.

మిల్లె మిల్యా అంటే వెయ్యి మైళ్ళ పందెం. 1927లో మొదలైంది. ఇటలీ ఉత్తరాన బ్రేషా ఊళ్ళో బయలుదేరి, రోము దాకా వెళ్ళి, తిరిగి బ్రేషాకే రావాలి. ట్రాక్ ఏమీ లేదు. ఊళ్ళ మధ్య నుంచి, కొండల మీది నుంచి, వంతెనల మీదుగా పోయే మామూలు రోడ్లే. కార్లు ఒకదాని వెనక ఒకటి నిమిషం తేడాతో బయలుదేరేవి. బయలుదేరే సమయమే కారు నంబరు. పొద్దున 7.22కి బయలుదేరిన కారుకి 722. ఆ నంబరుతోనే 1955లో స్టిర్లింగ్ మాస్ పది గంటల ఏడు నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. పక్కన కూర్చుని, కాగితపు చుట్ట మీద రాసుకున్న మలుపుల వివరాలు చేతి సైగలతో చెప్పినవాడు డెనిస్ జెంకిన్సన్ అనే పత్రికా రచయిత. ఆ కథ అందరికీ తెలుసు. అంతకు రెండేళ్ళ ముందే క్లెమ్ ఆ పని మొదలుపెట్టాడన్నది తక్కువమందికి తెలుసు.

1953లో అతను ఆస్టన్ మార్టిన్‌లో రెజ్ పార్నెల్ పక్కన కూర్చున్నాడు. దారిలో యాక్సిలరేటర్ లింకు విరిగింది. ఇంకొకరైతే బండి పక్కన పెట్టేవారు. పార్నెల్ తీగ చుట్టి ఇంజనుకి పూర్తి పెట్రోలు అందేట్టు కట్టేశాడు. ఇక వేగం తగ్గించాలంటే ఇగ్నిషన్ స్విచ్ ఆపాలి, పెంచాలంటే వెయ్యాలి. ఇటలీ రోడ్ల మీద, జనం మధ్య నుంచి అలాగే నడిపి అయిదో స్థానంలో ముగించాడు. ఆ పందెంలో బ్రిటిష్ కారు సాధించిన అత్యుత్తమ స్థానాల్లో అదొకటి. పక్క సీటులో కూర్చున్నవాడి పరిస్థితి మీరే ఊహించుకోండి. అతని చేతిలో స్టీరింగూ లేదు, స్విచ్చీ లేదు.

1956లో ఫెరారీ టీములోని ఇంగ్లీషు కుర్రాడు పీటర్ కాలిన్స్ క్లెమ్‌ని తన పక్కకి పిలిచాడు. అప్పటికి పక్కన మరొక మనిషి ఉండి తీరాలన్న నిబంధన లేదు. ఆ ఏడు గెలిచిన యూజెనియో కాస్తెలోత్తి ఒక్కడే నడిపాడు. రేసు కారులో ప్రతి కిలో బరువుకీ లెక్క ఉంటుంది. అయినా కాలిన్స్ ఒక నిండు మనిషిని, అతని కెమెరాలతో సహా వెంట పెట్టుకున్నాడంటే క్లెమ్ మాట మీద, దారి చెప్పడంలో అతని నిబ్బరం మీద ఎంత నమ్మకమో తెలుస్తుంది. రోజంతా వాన. తెరిచి ఉన్న కారు. ఇద్దరూ తడిసి ముద్దై రెండో స్థానంలో వచ్చారు.

మరుసటేడు, 1957 మే 12న మళ్ళీ అదే జంట. కారు నంబరు 534. నాలుగు లీటర్ల పైచిలుకు ఇంజనున్న ఫెరారీ. కాలిన్స్‌కి 25 ఏళ్ళు, క్లెమ్‌కి 45కు దగ్గర. రోము చేరేసరికి ముందంజలో ఉన్నారు. బొలోన్యా చేరేసరికీ ముందంజే. ఆ దారంతా క్లెమ్ ఒక చేత్తో మలుపులు చూపిస్తూ, వీలు దొరికినప్పుడల్లా ఫొటోలు తీశాడు. నా దృష్టిలో రేసు చరిత్రలో అంతకంటే విలువైన ఫొటోలు లేవు. డ్రైవరు భుజం పక్క నుంచి చూస్తే స్టీరింగ్ మీద కాలిన్స్ చేతులు, సన్నటి అద్దం, అద్దం అవతల రోడ్డు. రోడ్డుకి రెండు వైపులా జనం. తాడు లేదు, గోడ లేదు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, సైకిళ్ళకి ఆనుకున్నవాళ్ళు, రోడ్డు మధ్య దాకా వచ్చి తొంగిచూసేవాళ్ళు. గంటకి రెండువందల కిలోమీటర్ల పైన వస్తున్న కారు ముందు ఆ గుంపు చివరి క్షణంలో విచ్చుకోవాలి.

పార్మా దగ్గర వాళ్ళ కారు వెనక ఇరుసు చెడిపోయి ఆగిపోయింది. ఇంకెంతో దూరం లేదు. గెలుపు ఒంటరిగా నడిపిన యాభై ఏళ్ళ పియెరో తరూఫికి దక్కింది. గెలిస్తే రేసులు మానేస్తానని భార్యకి మాటిచ్చి ఉన్నాడు, మానేశాడు. అదే సమయంలో గ్విడిట్సోలో అనే ఊరి దగ్గర మరో ఫెరారీ టైరు పగిలింది. స్పెయిన్ కులీనుడు అల్ఫోన్సో ద పోర్తాగో, పక్కన కూర్చున్న అతని స్నేహితుడు ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్కన చూస్తున్న తొమ్మిది మంది చనిపోయారు. తొమ్మిదిలో అయిదుగురు పిల్లలు. ఇటలీ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే ఆ పందేన్ని రద్దు చేసింది. ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టి, 1961లో నిర్దోషిగా వదిలింది.

మిల్లె మిల్యాని ఎందుకు రద్దు చేశారని అడిగేవాళ్ళు, అది తొందరపాటని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి కోర్టు కాగితాలు అక్కర్లేదు. క్లెమ్ ఆ రోజు తీసిన ఫొటోలు చాలు. అతను రేసుని నిందించాలని తీయలేదు. ప్రేమించి తీశాడు. అయినా ఆ ఫొటోల్లో ప్రమాదం జరగకముందే దాని కారణం ఉంది. ఆ గుంపు విచ్చుకోవడం మీదే పందెమంతా ఆధారపడి ఉంది. గుంపు ఎప్పుడూ సమయానికి విచ్చుకోదు.

ఇక ఆ ఫొటోల్లోని మనుషులు. కాస్తెలోత్తి 1957 మార్చిలో మోదెనాలో ఫెరారీ పరీక్షలో పోయాడు. పోర్తాగో మేలో. కాలిన్స్ 1958 ఆగస్టులో నూర్‌బర్గ్‌రింగ్‌లో, 26 ఏళ్ళకే. అతని ప్రాణస్నేహితుడు మైక్ హాథార్న్ అదే ఏడు ప్రపంచ చాంపియన్ అయి, రేసులు మానేసి, 1959 జనవరిలో మామూలు రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు. పక్క సీటులో కూర్చున్నవాడు మాత్రం వాళ్ళందరి తర్వాత దశాబ్దాలు బతికాడు. మైకేల్ ఫ్రాస్టిక్‌తో కలిసి ఫొటోల పుస్తకాలు వేశాడు. ఆ పుస్తకాల వల్లే మనకి ఆ మొహాలు తెలుసు.

తర్వాతి కాలంలో క్లెమ్ మెల్లగా రేసులకి దూరమయ్యాడు. ఎందుకన్నదానికి నా ఊహ ఒకటుంది. అతని ఫొటోకి రెండు ప్రాణాలు, చేతులూ మొహమూ. 1959లో కూపర్ కారుతో జాక్ బ్రాభమ్ చాంపియన్ అయ్యాక ఇంజను వెనక్కి పోయింది. 1962లో లోటస్ 25 వచ్చాక డ్రైవరు పడుకున్నట్టు కూర్చోవలసి వచ్చింది, చేతులు కారు లోపలికి మాయమయ్యాయి. 1968లో డాన్ గర్నీ ఫార్ములా వన్‌లో మొహమంతా మూసే హెల్మెట్ పెట్టుకున్నాడు, మొహమూ పోయింది. ఆ ఏడే లోటస్ కారు సిగరెట్ కంపెనీ రంగులు వేసుకుంది. తర్వాత ఇనుప పట్టీలు, వలలు, కంచెలు వచ్చాయి. ప్రాణాలు నిలిచాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యకూడదు, నేనూ చెయ్యను. మలుపు లోపలి అంచున మనిషి నిలబడే రోజులు మాత్రం అంతటితో పోయాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసినవాళ్ళకి ఇది తెలుసు. కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఇనుప వల. కారు కనిపిస్తుంది, డ్రైవరు కనిపించడు.

క్లెమ్ నెగిటివ్‌లు 1980ల్లో ఒక అమెరికన్ సేకర్త చేతికి వెళ్ళాయి. 'క్లెమంటాస్కీ కలెక్షన్' పేరుతో భద్రపడ్డాయి. మరికొందరు ఫొటోగ్రాఫర్ల పనీ దాంట్లో చేరింది. క్లెమ్ 2001లో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఈ భాగం ముగించేముందు పాఠకులకి ఒక విన్నపం. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోళవరం పాత విమానాల రన్‌వే మీద దశాబ్దాలపాటు కార్ల, మోటారు సైకిళ్ళ పందేలు జరిగాయి. మనవాళ్ళు కూడా వెళ్ళి చూశారు, కొందరు ఫొటోలు తీసుకున్నారు. ఆ ప్రింట్లు, నెగిటివ్‌లు మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెల్లో ఉంటే పారేయకండి. తీసినవారు ఉన్నప్పుడే ఎవరిది ఏ కారు, ఏ సంవత్సరమో అడిగి వెనక పెన్సిలుతో రాసి పెట్టండి. ఇంకు వద్దు, అవతలివైపుకి దిగుతుంది.

(వచ్చే భాగంలో: రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ప్రతిఘటనలో పోరాడి, తర్వాత ఫార్ములా వన్ ఫొటోగ్రాఫరైన బెర్నార్ కాయే)